మానసిక వార్డు నర్సు ఒంటిమీద ఏముండాలి?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,



నేను తెనాలిలో ఉంటాను. పుట్టింది రేపల్లె దగ్గర పల్లెలో, అత్తవారిది బాపట్ల. నర్సుగా పనిచేసిన ఏళ్ళలో ఎక్కువ భాగం మానసిక వార్డులోనే గడిచింది. ఇప్పుడు రిటైరయ్యాను. తమరికి ఈ ఉత్తరం రాస్తున్నది నర్సుల బట్టల గురించి. డాక్టర్లు చాలని చోట, మందులు సమయానికి అందని చోట, బట్టల గురించి మంత్రికి ఉత్తరం రాయడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. మానసిక వార్డులో కొన్నాళ్ళు గడిపిన వాళ్ళకు మాత్రం అలా అనిపించదు. భయంతో వణికిపోతూ వచ్చిన మనిషికి మా మాట చెవికెక్కేలోపే మా బట్టలు కంటికి కనపడతాయి. నమ్మాలా, పారిపోవాలా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. డెల్టా పల్లె నుంచి కొడుకు తీసుకొచ్చి చేర్చాడు. తిండిలో, మందులో ఎవరో విషం కలుపుతున్నారని ఆవిడ అనుమానం. మూడు రోజులు నా చేతి మాత్ర ముట్టలేదు. నేను దగ్గరికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకునేది. అదే ఆవిడ, వార్డు ఊడ్చే ఆయమ్మ టీ గ్లాసు చేతికిచ్చి "తాగు పెద్దమ్మా, చల్లారిపోద్ది" అంటే లేచి కూర్చుని తాగేది. ఆయమ్మ కట్టుకున్నది ఇంటి దగ్గర కట్టే పూల చీర. నా ఒంటిమీద గంజి పెట్టిన తెల్లకోటు. నాలుగో రోజు కోటు విప్పి కుర్చీకి తగిలించి, లోపలి నీలం చుడీదార్‌తో ఆయమ్మ పక్కన కింద కూర్చున్నాను. కాసేపు ఊరి కబుర్లు అయ్యాక మాత్ర ఇస్తే తీసుకుంది. "నువ్వు వాళ్ళలో దానివి కాదుగా?" అని మాత్రం అడిగింది. నెల తిరిగేసరికి తేరుకుని ఇంటికి వెళ్తూ అసలు విషయం చెప్పింది. భర్తను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజున చుట్టూ తెల్లబట్టల వాళ్ళే ఉన్నారట. ఆయన తిరిగి రాలేదు.

ఆ మూడు రోజులూ ఆవిడకు మందు అందకపోవడానికి జబ్బు ఎంత కారణమో, నా కోటూ అంత కారణం.

అలాగని యూనిఫాం తీసేస్తే సరిపోతుందని నేను చెప్పడం లేదు. ఇంకోసారి డ్యూటీ మారే వేళ ఏదో పని మీద సొంత చీరలో వార్డులోకి వెళ్ళాను. ఆ రోజే చేరిన అమ్మాయి నన్ను చూసి "మీరెవరు?" అని మూడుసార్లు అడిగింది. నర్సునని చెప్పినా నమ్మలేదు. తన్ను కనిపెట్టడానికి ఎవరో మారువేషంలో మనుషుల్ని పంపుతున్నారన్నదే ఆ పిల్ల జబ్బు. నేను ఆ భయానికి సాక్ష్యంగా నిలబడ్డాను. కొత్తగా వచ్చిన బంధువులకూ అదే ఇబ్బంది. అర్ధరాత్రి కొడుకు కేకలు పెడుతుంటే, ఎవరిని పిలవాలో తెలియక తండ్రి వార్డంతా పరుగెత్తకూడదు. నర్సు ఎవరో దూరం నుంచే తెలియాలి. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళకు అది ఇంకా అవసరం.

కాబట్టి నా మనవి ఒక్క ముక్కలో ఇది: మానసిక వార్డు నర్సు దుస్తులు రోగిని బెదరగొట్టకూడదు, ఎవరికీ గాయం చేసే సాధనం కాకూడదు, ఆమె నర్సు అని మాత్రం స్పష్టంగా తెలియజేయాలి. ఈ మూడూ కుదిరే దుస్తులు మన దగ్గర ఎవరూ ఆలోచించి కుట్టించలేదు. సర్జికల్ వార్డులో వేసుకునేదే ఇక్కడా వేసుకుంటున్నాం.

రోగుల దుస్తుల గురించి మన చట్టం ఆలోచించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 20వ సెక్షన్, రోగి కోరుకుంటే తన సొంత బట్టలే కట్టుకోవచ్చని, ఆసుపత్రి ఇచ్చే యూనిఫాం వేసుకోమని బలవంతపెట్టరాదని చెప్పింది. బలవంతంగా గుండు గీయడం కూడదంది. 95వ సెక్షన్ ఎవరినీ గొలుసులతో కట్టరాదంది. ఈ మాటల వెనుక పెద్ద దుఃఖం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది కదలలేక కాలిపోయారు. 1912 నాటి లూనసీ చట్టం రోగిని 'పిచ్చివాడు' అంది. అక్కడి నుంచి, రోగి ఏ బట్ట కట్టాలో రోగి ఇష్టం అనే దాకా వచ్చాం. ఇంత దూరం వచ్చాక, ఆ రోగి పక్కన నిలబడే నర్సు ఏం వేసుకోవాలన్నది ఎందుకు మరిచిపోయాం?

ఇది మా మూడు ఊళ్ళకు ఇప్పుడే ఎందుకు అవసరమో చెబుతాను. తెనాలి, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4 దాకా ఒకే గుంటూరు జిల్లా. ఆ రోజు బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లా గీత మారినా మనుషుల నడక మారలేదు. ఇంట్లో ఎవరికైనా మతి చెదిరితే మొదట ప్రార్థనకో, దర్గాకో, తాయెత్తు కట్టేవాళ్ళ దగ్గరికో వెళ్తారు. తర్వాత రేపల్లె రైలెక్కి గుంటూరు, లేదంటే విజయవాడ. మరీ ముదిరితే దాదాపు 380 కిలోమీటర్ల దూరంలోని విశాఖ. 'పిచ్చాసుపత్రి' అనే మాటకు భయపడి ఆ ప్రయాణాన్ని నెలల తరబడి వాయిదా వేసిన కుటుంబాలను ఎన్నో చూశాను.

1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో వచ్చిన జిల్లా కార్యక్రమం, 2017 చట్టం కోరేది ఒకటే: ఈ వైద్యం పెద్ద గోడల వెనుక కాకుండా, జ్వరానికి, కాన్పుకు వెళ్ళే మామూలు ఆసుపత్రిలోనే దొరకాలి. 2022 అక్టోబరు 10 నుంచి 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ సలహాదారు పలుకుతున్నారు. ఫోన్లో ధైర్యం తెచ్చుకున్న మనిషి తర్వాత నడిచి వచ్చేది మన ఊరి సర్కారు ఆసుపత్రికే. అక్కడ ఎదురయ్యే నర్సు నిన్నటిదాకా కాన్పుల వార్డులో చేసి ఉంటుంది, రేపు క్యాజువాలిటీలో చేస్తుంది. జేబులో కత్తెర, మెడలో ఐడీ కార్డు తాడు, చేతికి గాజులు. పొలానికి కొట్టే పురుగుమందు తాగి, ప్రాణం దక్కి, ఇంకా చావాలనే అనుకుంటున్న కుర్రాడి మంచం మీదికి వంగి సెలైన్ సరిచేసేది ఆ కత్తెరతోనే, ఆ తాడుతోనే.

ఆ తాడు ఏం చేయగలదో కళ్ళారా చూశాను. సారా మానేసిన మూడో రోజు ఒక కుర్రాడికి ఒళ్ళంతా వణుకు, గోడల మీద పాములు కనిపిస్తున్నాయని కేకలు. మా జూనియర్ అమ్మాయి బీపీ చూడటానికి వంగింది. పాము మీదికి వస్తోందనుకుని అతను చేతికందినదాన్ని పట్టుకున్నాడు. అందింది ఆమె మెడలోని ఐడీ కార్డు తాడు. నలుగురం కలిసి వేళ్ళు విడదీసేసరికి ఆ పిల్ల ముఖం నల్లబడింది. మెడ మీద ఎర్రటి గీత వారం రోజులు ఉంది. అతని తప్పేమీ లేదు. తేరుకున్నాక జరిగింది తెలిసి ఏడ్చాడు. తప్పు ఆ తాడుది. లాగితే ఊడిపోయే క్లిప్పు పెట్టించాలని ఎవరికీ తోచకపోవడం తప్పు. ఆ వారమే మేమందరం తాళ్ళు తీసేసి కార్డులు జేబుకు తగిలించుకున్నాం. ఏ ఉత్తర్వూ రాలేదు, మాకు మేమే చేసుకున్నాం.

చీర సంగతికి వస్తే, పడిపోతున్న రోగిని పట్టుకోవడానికి పరుగెత్తాలంటే కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయి. కొంగు లాగితే మనిషి వెనక్కి పడుతుంది. చీర కదలకుండా నిలవాలంటే పిన్నీసులు కావాలి. మణికట్టు కోసుకునే ఆలోచనలో ఉన్నవాళ్ళకు ఒక్క పిన్నీసు చాలు. చున్నీ మెడకు ఉరి. మట్టిగాజు పగిలితే కత్తి. నల్లపూసల గొలుసు, జూకాలు, పొడుగు జడ అన్నీ గుప్పిట్లో ఇమిడేవే. నడుముకు వేలాడే తాళాలగుత్తి చప్పుడైతే రోగికి జైలు గుర్తొస్తుంది. ఖాకీ చొక్కా వేసుకున్న కాపలా మనిషి వార్డు గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుంటే, పోలీసులు ఆసుపత్రికి చేర్చిన మనిషి ఆ గుమ్మం వైపే చూస్తూ రాత్రంతా నిద్రపోడు.

ఇక తెలుపు. దాన్ని తీసేయమనడం నాకంత తేలిక కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషన్ ఆసుపత్రులే మా ప్రాంతపు ఆడపిల్లలకు నర్సు చదువును పరిచయం చేశాయి. రోగి ఒంటిని తాకే పని, మలమూత్రాలు ఎత్తే పని అని పెద్ద కులాల వాళ్ళు ఆడపిల్లల్ని పంపని రోజుల్లో, ఆ చదువుకు వెళ్ళినవాళ్ళలో దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఎందరో. ఊళ్ళో 'ఏమే' అని పిలిచే నోళ్ళు, తెల్లబట్టలు చూశాక 'నర్సమ్మా' అన్నాయి. రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున రైలెక్కితే, తెల్లకోటు చూసి జనం సర్దుకుని చోటిచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ తెలుపు మాకు కూలి డబ్బుల కంటే పెద్ద సంపాదన. అందుకే యూనిఫాం మాట ఎత్తగానే నర్సులు ఉలిక్కిపడతారు. మా గౌరవం లాక్కుంటున్నారని అనుకుంటారు. 'ఎవరి సొంత బట్టలు వాళ్ళు వేసుకోండి' అనడం కూడా న్యాయం కాదు. పట్టుచీర నర్సు, నేత చీర నర్సు అని వార్డులోనే రెండు వరసలు తయారవుతాయి. ఉతుకు ఖర్చు మా మీద పడుతుంది. వార్డు మురికి మా ఇళ్ళకు చేరుతుంది.

ప్రపంచం ఈ దారిలో ముందుకూ వెళ్ళింది, వెనక్కీ వచ్చింది. ఇటలీలో 1961లో గొరిజియా మానసిక ఆసుపత్రి బాధ్యత తీసుకున్న డాక్టర్ ఫ్రాంకో బసాల్యా, కట్లు విప్పించి, తలుపులు తీయించి, తెల్లకోట్లు పక్కన పెట్టించారు. డాక్టరు, నర్సు, రోగి ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకునే సభలు రోజూ పెట్టారు. 1978లో ఇటలీ ఆ పెద్ద ఆసుపత్రులను మూసే చట్టమే చేసింది. ఇంగ్లండులో మానసిక వార్డుల నర్సులు కొన్ని దశాబ్దాలుగా మామూలు బట్టల్లో పనిచేశారు. తర్వాత అక్కడే కొన్ని ఆసుపత్రులు మళ్ళీ యూనిఫాం వైపు మళ్ళాయి. నర్సు ఎవరో తెలియడం లేదన్న మాట ఒకటి, అంటువ్యాధుల భయం ఒకటి. మోచేతి కింద చేతులు ఖాళీగా ఉండాలి, వాచీ, గాజులు కూడదు అనే నియమాన్ని 2007లో అక్కడి ప్రభుత్వాసుపత్రులకు ప్రకటించారు. మన దేశంలో 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులకు ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, వాళ్ళను వైద్యంలో భాగస్వాములను చేశారు. వీటన్నిటి నుంచి నేను తీసుకున్న పాఠం ఒకటే. బట్ట మారిస్తే మనసు మారిపోదు. అయితే రోగికీ మనకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించాలని నిజంగా అనుకున్న వాళ్ళలో చాలామంది బట్టల గురించి కూడా ఆలోచించారు.

అందుకే, మంత్రివర్యా, నేను అడిగేవి ఇవి.

1. మానసిక వార్డులో, డీఅడిక్షన్ కేంద్రంలో పనిచేసే నర్సులకు ప్రత్యేకంగా పొట్టి చేతుల నూలు చొక్కా, ప్యాంటు కుట్టించాలి. ఆడ, మగ నర్సులకు ఒకటే తీరు. చున్నీ, కోటు, బెల్టు ఉండకూడదు. ముతక నూలు అయితే మంచిది. ఎండాకాలం ఫ్యాను ఆగిన వార్డులో కూడా పనిచేయాలి, లోపలి బట్ట పైకి కనపడకూడదు.

2. రంగు లేతగా ఉండాలి. తెలుపు వద్దు, ఖాకీ వద్దు, ఏ పార్టీ జెండానూ గుర్తుచేసే రంగు వద్దు. పూలు, గళ్ళు కూడా వద్దు. ఆయమ్మ పూల చీర ఒక పెద్దావిడను నమ్మించిన మాట నిజమే కానీ, సారా మానిన మూడో రోజు మనిషికి ఆ పూలే పురుగులై పాకుతాయి. రాష్ట్రమంతా ఒకే రంగు ఉంటే, ఆ రంగు చూడగానే 'మానసిక వార్డు నర్సు' అని జనానికి తెలుస్తుంది.

3. పేరు చొక్కా మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, దారంతో కుట్టాలి. పిన్నుతో పెట్టే బ్యాడ్జీ వద్దు. ఇంటిపేరు వద్దు, పేరు చాలు. మన దగ్గర ఇంటిపేరు కులం చెబుతుంది, ఇల్లు ఎక్కడో కూడా చెబుతుంది. ఐడీ కార్డును జేబుకు క్లిప్పుతో తగిలించాలి, మెడకు తాడు వేయకూడదు.

4. కత్తెర, సూదులు, పెన్నులు జేబులో కాకుండా తాళం ఉన్న ట్రాలీలో ఉండాలి. తాళాలు బయటికి వేలాడకూడదు. మడమ కప్పే, జారని, చప్పుడు చేయని రబ్బరు అడుగు బూట్లు ఆసుపత్రే ఇవ్వాలి. జుట్టు గుడ్డ బ్యాండుతో ముడి వేసుకోవాలి.

5. తాళి, నల్లపూసలు, బొట్టు, శిలువ ఎవరి విశ్వాసం వారిది. వాటిని తీయమని ఎవరూ ఆజ్ఞాపించకూడదు. చొక్కా మెడ మూసి ఉండేలా కుడితే తాళి, శిలువ లోపల భద్రంగా ఉంటాయి. మట్టిగాజుల విషయం మాత్రం నర్సులతో కూర్చుని మాట్లాడి, పగిలితే ఏమవుతుందో చెప్పి ఒప్పించాలి. మేం ఒప్పుకోలేనంత మొండివాళ్ళం కాదు.

6. ఏడాదికి కనీసం నాలుగు జతలు ఇవ్వాలి. రెగ్యులర్ నర్సుకు ఇచ్చిన బట్టే కాంట్రాక్టు నర్సుకూ ఇవ్వాలి. ఆసుపత్రిలోనే మార్చుకోవడానికి తలుపు ఉన్న గది, ఉతకడానికి ఆసుపత్రి చాకిరేవు ఏర్పాటు కావాలి. ఇంజెక్షనుకు, గాయాలకు పైన వేసుకునే ఆప్రాన్ ఎలాగూ ఉంటుంది.

7. ఈ నియమాలు గదిలో కూర్చుని రాయవద్దు. రోగం నయమైన వాళ్ళను, వాళ్ళతో వార్డులో రాత్రులు గడిపిన అమ్మలను, అన్నలను, నైట్ డ్యూటీ నర్సులను, ఆయమ్మలను అడగండి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రుల్లో ఆరు నెలలు చేసి చూడండి. మాత్ర వద్దన్నవాళ్ళు ఎందరు, నర్సులకు తగిలిన దెబ్బలు ఎన్ని, వార్డు నుంచి వెళ్ళిపోయినవాళ్ళు ఎందరు అన్నది ముందూ తర్వాతా రాసి పెట్టండి. ఫలితం బాగుంటే, 2017 చట్టం ప్రకారం ఏర్పడిన రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ చేత దాన్ని కనీస ప్రమాణాల్లో చేర్పించండి.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. తానుల గుడ్డ, కొందరు దర్జీలు, మా మాట వినే ఒక అధికారి ఉంటే మొదలవుతుంది. మా ప్రాంతంలో చీరాల, మంగళగిరి నేతగాళ్ళు ఉన్నారు. ఆ గుడ్డ వాళ్ళ దగ్గరే నేయిస్తే, వాళ్ళకు పని, మాకు ఒంటికి హాయి.

నా తోటి నర్సులకూ ఒక మాట. తెలుపు మనకు తెచ్చిన గౌరవం తెలుపుది కాదు. తెల్లవార్లూ మెలకువగా ఉండి మనం సంపాదించుకున్నది. రంగు మారినంత మాత్రాన అది పోదు. రోగి రెండు చేతులతో మన చెయ్యి పట్టుకున్నప్పుడు వచ్చే గౌరవానికి ఏ రంగూ అడ్డం రాదు.

మంత్రివర్యా, ఆ పెద్దావిడ నా చేతి మాత్ర కోసం మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ మూడు రోజులు ఇంకెవరికీ రాకుండా చూడటం మీ చేతిలో ఉంది. ముందు ఈ మూడు ఊళ్ళతో మొదలుపెట్టండి.

ఇట్లు,
మానసిక వార్డులో పనిచేసి రిటైరైన ఒక నర్సు,
తెనాలి.